రెండో గంప

"తాళ్లియ్యి వదినా" అన్నాడు చిన్నపోలయ్య. గడప దాటలేదు, బయటే నిలబడ్డాడు.

కామమ్మ పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. ఆమె పక్కన గోడవారగా తెప్ప కట్టే తాళ్లు చుట్టలు చుట్టి ఉన్నాయి. నిన్న రేవులో అందరూ చూస్తుండగా తెప్ప దుంగలు విప్పి, తాళ్లు తనే భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. దుంగలు ఇసుకలోనే ఉన్నాయి. వేటకు పోయేముందు కట్టుకోవడం, వచ్చాక విప్పి ఆరేసుకోవడం తెప్పకు రోజూ ఉండేదే. తాళ్లు ఇల్లు చేరడమే ఎవరూ ఎరగనిది.

"తాళ్లిస్తే నీతో ఎవురొస్తారు?" అంది తిరిగి చూడకుండా.

చిన్నపోలయ్యతో కలిసి వేటకు పోయేది ఆదెయ్య. అతను ఇక రాడు. నిన్ననే చెప్పేశాడు.

నిన్న జరిగినదాన్ని గొడవ అనడానికి కూడా లేదు, ఎవరూ గొంతు పెంచలేదు. ఆ పాళెంలో ప్రతి తెప్పా ఒడ్డు చేరాక, పడిన చేపల్లోంచి ఒక గంప గంగమ్మ పేరు చెప్పి పక్కన పెడతారు. ఆ గంపలు అమ్మగా వచ్చింది ఊరికి పెద్ద అయిన పెద్దకాపు కామాక్షయ్య దగ్గర చేరుతుంది. సముద్రం ఏ తెప్పనైనా మింగితే దాంట్లోంచే కొత్త దుంగలు కొంటారు. మనిషే పోతే ఆ ఇంటికి ఏడాది తిండిగింజలు చూస్తారు. తాతల నాటి ఏర్పాటు, మంచి ఏర్పాటు. కామమ్మ కూడా దాన్ని తప్పు పట్టలేదు. మగవాడి తెప్పయితే ఒక గంప, ఆడదాని తెప్పయితే రెండు గంపలు అన్నారే, అదొక్కటే ఆమెకు మింగుడు పడలేదు.

ఆమె మొగుడు పోలేరయ్య పోయిన ఏడు కార్తీకంలో గాలివానకు సముద్రంలో పోయాడు. మనిషీ రాలేదు, తెప్పా రాలేదు. పెద్దకర్మ నాడు ఊరు కొత్త తెప్ప ఇచ్చి, ఇది కామమ్మ తెప్ప అంది. ఆనాటి నుంచీ రెండు గంపలూ పెడుతూనే వచ్చింది. నిన్న వల సగం ఖాళీగా వచ్చింది. పాళ్లు పంచకముందే కాపు మనిషి రెండో గంప మీద చెయ్యి వేస్తే, ఆమె కూడా దాని మీద చెయ్యి పెట్టి, ఇది ఇవ్వనని చెప్పింది. కామాక్షయ్య వచ్చి నెమ్మదిగా అడిగాడు. మళ్లీ అడిగాడు. ఇచ్చేదాకా నీ తెప్ప గంపకు బయటిది అని చెప్పి వెళ్లిపోయాడు.

గంపకు బయటి తెప్ప ఎక్కిపోయినవాడికి ఏమన్నా అయితే వాడి పెళ్లాంబిడ్డల్ని అడిగే దిక్కుండదు. ఆదెయ్య పోలేరయ్య ఉన్నప్పటి నుంచీ ఆ ఇంటి తెప్ప మీదే పోతున్నవాడు. ఆ కార్తీకం నాడు జ్వరమొచ్చి ఒడ్డున ఉండబట్టి బతికాడు. అలాంటివాడు నిన్న తెడ్డు కింద పెట్టి, తప్పుగా అనుకోబాక అక్కా అన్నాడు. అతణ్ణి అనడానికి నాకే నోరు రావడం లేదు, కామమ్మకెలా వస్తుంది?

పంచలో ఎండుచేపలు తిరగేస్తున్న ముసలమ్మ ఇదంతా వింటోంది. ఆమె కామమ్మకు అత్త, చిన్నపోలయ్యకు తల్లి.

"ఒక్క మాటతో పోయేదానికి ఇంత యాగీ ఏందమ్మే" అంది. "తెప్ప మన చిన్నపోలయ్యదని కాపు ముందర చెప్పు. ఒక గంపతో పోతాది."

ఇది ఈ రోజు పుట్టిన మాట కాదు. చిన్నపోలయ్యకు తూపిలిపాళెంలో సంబంధం కుదిరే దశలో ఉంది. పిల్ల తండ్రి రంగనాయకులు మొన్న వచ్చినప్పుడు ఒకటే అడిగాడు, తెప్ప నీదా, కూలికి పోతున్నావా అని. చిన్నపోలయ్య నేల చూశాడు. పెళ్లిమాట అక్కడ ఆగింది. తెప్ప అతని పేరు మీదికి వస్తే గంపా ఒకటే అవుతుంది, పెళ్లీ అవుతుంది. ముసలమ్మ మనసులో రెండు చిక్కులూ ఒకే ముడితో విడిపోయాయి. అందులో దుర్మార్గం ఏమీ లేదు. ఏ తల్లికైనా తోచేదే.

కామమ్మకు తోచింది వేరు. కాపు ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ పాళెంలో లేదు. వేటలో పడినదాంట్లో మనిషికో పాలు, వలకో పాలు, తెప్పకో పాలు. ఆ తెప్పపాలే ఆమెకూ, కూతురు పోలేరమ్మకూ అన్నం. ఇవాళ అది తన చేతికి వస్తోంది. రేపు మరిది చేతి మీదుగా వస్తుంది. ఎల్లుండి మరిది పెళ్లాం చేతి మీదుగా వస్తుంది. చిన్నపోలయ్య మంచివాడే. మంచివాళ్లకూ పెళ్లిళ్లవుతాయి, పిల్లలు పుడతారు, చేపలు పడని రోజులు వస్తాయి.

"నిన్నూ పాపనూ వదిలేస్తాననుకుంటుండావా వదినా?" అన్నాడు చిన్నపోలయ్య.

"అనుకోలా."

"మరి?"

"నాది నేను తినడం వేరు. నువ్విస్తే తినడం వేరు అబ్బయ్యా."

అతని మొహం చిన్నబోయింది. ఇంకేదో అడుగుతాడనుకుంది. అడగకుండానే వెళ్లిపోయాడు. తాళ్లు ఉన్నచోటే ఉన్నాయి.

ముసలమ్మ మాత్రం ఆగలేదు. తాను రెండు గంపలు పెట్టలేదా అంది. మొగుడు పోయినప్పుడు పెద్దోడికి అయిదారేళ్లు, చిన్నోడు చంటిబిడ్డ, వాళ్లు తెడ్డు పట్టేదాకా పెట్టానంది. ఏనాడూ నోరెత్తలేదంది. నీకేం కొత్తగా కొమ్ములొచ్చాయంది. కామమ్మ సంగటి దించి మూత పెట్టింది. అత్త మాటకు ఎదురు చెప్పడం ఆమెకు చేతగాక కాదు. ఆ మాటల్లో ఎంత కష్టం ఉందో తెలుసు కనుక చెప్పలేదు.

*

ఎండ ముదిరాక కామమ్మ రేవుకు పోయింది. దుంగలు రెండు రోజులు ఒకే వైపు ఎండితే పగులుతాయి. వాటిని సరుగుడు చెట్ల నీడకు జరపాలి. మొదటి దుంగ ఒక కొస ఎత్తి ఈడుస్తుంటే రెండో కొస తేలికైంది. వెనక్కి చూస్తే ఆదెయ్య.

దుంగలన్నీ నీడకు చేరాక అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. పోవాలో నిలబడాలో తెలియక చెట్టుకు ఆనుకున్నాడు.

కామమ్మే అడిగింది. తన తెప్ప మీద పోయిన ఈ ఏడాదిలో ఎప్పుడైనా భయపడ్డావా అని. ఆడదానికి రెండో గంప ఎందుకో చెప్పమంటే మగవాళ్లంతా అనేది అదే కదా, ఆడది తెప్ప మీద ఉండదు, కూలోళ్లకు దాని మీద ప్రేముండదు, అందుకని ఆడదాని తెప్పకే ఆపద ఎక్కువ అని.

ఆదెయ్య తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు.

"లేదక్కా. నీ తెప్ప మీద మేం ముందే వచ్చేస్తాం" అన్నాడు. "గాలి రవ్వంత తిరిగితే చాలు, చిన్నపోలయ్య ఒడ్డుకు మలిపేస్తాడు. మా వదిన తెప్ప, ఏమన్నా అయితే ఏం చెప్పుకోవాల అంటాడు. అన్నయితే అట్ట కాదు. ఇంకొక్కసారి వల ఏద్దాంలే అనేవాడు. ఆయన తెప్ప, ఆయన ఇష్టం."

చెప్పేశాక, పోలేరయ్యను తప్పు పట్టినట్టయిందేమోనని అతను కంగారు పడ్డాడు. కామమ్మకు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. ఇంకొక్కసారి అనే మాట ఆమె మొగుడిది. తిండి దగ్గరా అదే అనేవాడు, కూతుర్ని ఎత్తుకున్నప్పుడూ అదే అనేవాడు. కొంగుతో కళ్లొత్తుకుని, నువ్వు చెప్పింది మంచిదే ఆదెయ్యా అని ఇంటిదారి పట్టింది.

*

ఇసుక మొదలయ్యే చోట మౌలా సాయిబు వ్యాను ఆగి ఉంది. నెల్లూరు నుంచి వచ్చి పాళెం చేపలు కొనుక్కుపోతాడు. మనిషి మాటకారి, తూకంలో మాత్రం నికార్సు. ఇవాళ కామమ్మ గంపలు రాలేదని కనుక్కోవడానికి ఇంటికే వచ్చాడు. ముసలమ్మ మంచినీళ్లు ఇచ్చి, కోడలి మీద చెప్పాల్సినవన్నీ అప్పటికే చెప్పేసింది.

మౌలాకు ఇలాంటివి కొత్త కాదట. వ్యానుకు కూడా ఏడాదికోసారి ఇన్సూరెన్సు కట్టాలని, కట్టకపోతే పోలీసులు రోడ్డు మీదికి రానివ్వరని చెప్పాడు. అదీ గంగమ్మ గంప లాంటిదే, కాకపోతే గంగమ్మ బదులు కోటు వేసుకున్న ఒకాయన వస్తాడు అన్నాడు. ముసలమ్మ కూడా నవ్వింది. తర్వాత అతని గొంతు మారింది. అతని అన్న అబ్దుల్ రజాక్ ఆ ముందటి ఏడు కోట ఊరి దగ్గర వ్యాను కాలవలో పడి చనిపోయాడు. అప్పటి సంగతి చెప్పాడు.

"ఇన్సూరెన్సాయన వచ్చి బండెవరిదని అడిగినాడు చెల్లెమ్మా. మా వదిన సుల్తాన్‌బీదని చెప్పినా. అన్న పోయినాక ఆమెదే గదా. ఆయన కాయితం పక్కన పెట్టి, ఇయ్యాల ఎవరిదని కాదు సాయిబూ, కాలవలో పడిన రోజు ఎవరిది, తోలింది ఎవరు, అది చెప్పు అన్నాడు. నాకేం తెలుసు అట్టడుగుతారని."

తన తెలివితక్కువకు తానే నవ్వుకుని, అతను చేపల మాటలోకి దిగాడు. రేపన్నా గంపలొస్తాయా అని అడిగాడు. కామమ్మ వినలేదు.

"పడిన రోజు ఎవరిదని అడిగినాడా మౌలన్నా?" అంది.

"అదే ముఖ్యమంట." అతను లేచి, మళ్లీ రేపు వస్తానని చెప్పి పోయాడు. అక్కడ ఏం వదిలిపోయాడో అతనికి తెలియదు.

కామమ్మ పంచలో అత్త పక్కన కూర్చుంది. తానూ చేపలు తిరగెయ్యసాగింది. కొంతసేపయ్యాక అడిగింది.

"అత్తా, మామ పోయిన రోజు తెప్ప ఎవురిది?"

"ఆయనదే. ఎవురిదయితాది?"

"నీదెప్పుడయింది?"

"పెద్దకర్మ నాడు కొత్తది ఇచ్చినారు గదా. అప్పటి పెద్దకాపు ఆకూవక్కా చేతిలో పెట్టి..." ముసలమ్మ చెయ్యి ఆగింది.

"ఎంకటశేషమ్మక్కకు?"

ఆమె మొగుడూ సముద్రంలోనే పోయాడు, ఆదిశేషమ్మ మొగుడూ అంతే.

"ఆదిశేషమ్మకు? నాకు?"

విషయం అంతే. పాళెంలో ఎవరిని అడిగినా ఊరు తెప్పలిచ్చింది ఆడవాళ్లకే అంటారు. ఫలానా ఆమెకిచ్చాం, ఫలానా ఆమెకిచ్చాం అని పేర్లు చెబుతారు. కాబట్టి సముద్రానికి పోయేది ఆడవాళ్ల తెప్పలే అనుకున్నారు. మగవాడు బతికి బయటపడితే విడిపోయిన దుంగలు అలలే ఒడ్డుకు నెడతాయి. వాడే ఏరుకుని, మళ్లీ కట్టుకుని, ఊరిని ఏమీ అడగడు. మనిషే తిరిగి రాకపోతేనే ఊరు తెప్ప ఇస్తుంది. అది అందుకోవడానికి అప్పటికి ఆ ఇంట్లో మిగిలేది ఆడదే. మొగుడు మునిగిన తెప్పను పెళ్లాం పద్దులో రాసుకున్నారు. కుట్ర చేసి రాసుకోలేదు, చూసుకోక రాసుకున్నారు. ముందూ వెనకా చూడాలని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు.

ముసలమ్మ మొహం ఎర్రబడింది. కోపగించుకుంటుందనుకుంది కామమ్మ. కానీ ఆమె గొంతు పూర్తిగా కిందికి పోయింది.

"అట్టయితే అన్నేండ్లు నేను ఊరికే పెట్టినానా?"

ముసలమ్మ ఒక చేప తిరగేసి మళ్లీ అంది.

"చిన్నోడు గంజికి ఏడస్తా ఉండేవాడు. ఆ గంప ఎత్తకపోతా ఉంటే చూస్తా నిలబడేదాన్ని. నా చెయ్యి మంచిది కాదు, అందుకే ఆయన పోయినాడు అని అన్నారు. నేనూ అట్టే అనుకున్నా. అనుకుని ఓర్చుకున్నా. ఇప్పుడు నువ్వొచ్చి అది కూడా లేదంటుండావు."

కామమ్మకు సిగ్గేసింది. నిజం చెబితే ముసలిదాని బరువు దిగుతుందనుకుంది. దిగలేదు సరికదా, ఇన్నేళ్లూ ఆమె ఆనుకుని నిలబడ్డ కట్టె కూడా పోయింది. ఆమె చెయ్యి పట్టుకోబోతే ముసలమ్మ లాక్కుంది.

"కాపు ముందర నా పేరెత్తబాక" అంది. కామమ్మ సరేనంది.

*

ఎండ తగ్గుతుండగా వలలు బాగుచేసుకునే తాటాకు పందిరి కింద అందరూ కూడారు. కొందరు కొత్తగా వచ్చిన నైలాను దారంతో వలలు అల్లుతూనే కూర్చున్నారు. మామూలుగా ఆ పందిట్లో ఆడవాళ్లు మాట్లాడరు. ఆడదాని తెప్ప అయినా దాని తరఫున మాట చెప్పేది దాన్ని నడిపే తండేలే. కామమ్మ తెప్పకు తండేలు చిన్నపోలయ్య. అయినా గంప ఆపింది ఆమె కనుక ఆమెనే చెప్పనిద్దామన్నాడు కామాక్షయ్య. ముసలమ్మ, వెంకటశేషమ్మ, మిగతా ఆడవాళ్లు పందిరి బయట నిలబడ్డారు. తూపిలిపాళెం నుంచి రంగనాయకులు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పొద్దుగూకేలోపు తెప్ప ఎవరిదవుతుందో చూసిపోదామని వచ్చాడు. ఆడపిల్ల తండ్రి కనుక ఆయన వచ్చింది న్యాయమే.

కామాక్షయ్య పెద్దమనిషి. గంగమ్మ గంపలోంచి ఏనాడూ ఒక చేప కూడా ఇంటికి పోనివ్వలేదు. అదే ఈ సంగతిలో కష్టం. చెడ్డవాడయితే తిట్టి ఊరుకోవచ్చు.

"నీ మీద నాకు కోపం లేదమ్మాయ్" అని మొదలుపెట్టాడు. "ఊరిచ్చిన తెప్పలన్నీ ఆడోళ్ల చేతికే పోయినాయి. ఎక్కువ తీసుకునేవాళ్లు ఎక్కువ పెట్టాల. అందులో అన్యాయం యాడుండాది?"

"ఎవురెవురు తీసుకున్నారు మామా?"

ఆయన వెంకటశేషమ్మ పేరు చెప్పాడు. ఆదిశేషమ్మ పేరు చెప్పాడు. నువ్వూ తీసుకున్నావు కదా అన్నాడు.

"ఎంకటశేషమ్మక్క తెప్ప పోయిననాడు దాని మీద ఎవురుండారు?"

"దాని మొగుడు."

"ఆనాడు తెప్ప ఎవురిది?"

వల అల్లుతున్నవాళ్లలో ఒకడు తలెత్తి, మొగుడిదైతే ఏంది, పెళ్లాందైతే ఏంది, ఒక ఇంటి తెప్పే గదా అన్నాడు. కామమ్మ అతని వైపు తిరిగింది.

"ఒకటే అయితే గంప కూడా ఒకటే పెట్టాల గదన్నా."

ఆ మనిషి మళ్లీ వలలో తల దూర్చాడు. కామమ్మ మిగతావాళ్ల గురించీ అలాగే అడిగింది. అడిగిన ప్రతిదానికీ ఒకే జవాబు వచ్చింది. మొగుడు, మొగుడు, మొగుడు. కామాక్షయ్య నుదురు రుద్దుకున్నాడు. ఆయన బుద్ధికి అందుతోంది, మనసుకు అందడం లేదు. ఈ రెండో గంప పెట్టింది ఆయన తండ్రి. తండ్రి తప్పు చేశాడని అంతమందిలో అనుకోవడం తేలిక కాదు.

"మా నాయన ఊరికే పెట్టలా" అన్నాడు చివరికి. "ముసలమ్మ తెప్ప పోయినాకే పెట్టినాడు. కావాలంటే ఆమెనే అడగండి."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. కామమ్మ ఒక్కతే చూడలేదు. పేరెత్తనని ఒప్పుకుంది, తను ఎత్తలేదు. కానీ పేరు వచ్చేసింది. ముసలమ్మ వెళ్లిపోయినా ఎవరూ ఏమీ అనరు. కానీ ఆమె పందిరి గుంజ పట్టుకుని ఒక అడుగు లోపలికి వచ్చింది.

"నా తెప్ప పోలేదన్నా" అంది.

కామాక్షయ్య ఏదో అనబోయాడు.

"పోయింది నా మొగుడి తెప్ప. నాకు మీ నాయన ఇచ్చింది పోలా. నా చేతికొచ్చినాక అది ఒక్కనాడు ఒడ్డుకు రాకుండా ఉండలా. నా కొడుకులు పెద్దోళ్లయ్యేదాకా తిండి పెట్టి, ఈ ఇసకలోనే చివికిపోయింది. నువ్వూ చూసినావు."

అవును, ఆయన చూశాడు. ఆ చివికిన దుంగల మీద కూర్చుని ఆయన కూడా వలలు అల్లాడు. పందిట్లో అల్లిక ఆగిపోయింది. ముసలమ్మ ఏడవలేదు. ఇన్నేళ్లకు ఒక మాట బయటపడినందుకు ఆమెకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

"తప్పు లెక్క వేసినాం" అన్నాడు కామాక్షయ్య. ఆ మాట అనడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది గానీ, అన్నాక మళ్లీ మింగలేదు. "మా నాయన వేసినాడు. నేనూ వేసినా."

కామమ్మ గుండె తేలికపడింది. కానీ ఆయన ఇంకా ముగించలేదు. నిజాయితీపరులతో ఇదొక ఇబ్బంది, లెక్క మొదలుపెడితే చివరిదాకా పోతారు.

"ఇప్పుడు సరిగ్గా చూస్తే, పోయినవన్నీ మొగోళ్ల తెప్పలే. ఆడోళ్ల తెప్ప ఒకటీ పోలా. ఎక్కువ తీసుకునేవాళ్లు ఎక్కువ పెట్టాలన్నది నా మాటే గదా. మరి రెండో గంప ఇకమీదట మొగోళ్లను పెట్టమంటావా అమ్మాయ్? నువ్వడిగిన న్యాయమే. నువ్వే చెప్పు."

మగవాళ్లు కదిలారు. ఒకడి చేతిలో దారపుకండె కింద పడింది. బయట నుంచి వెంకటశేషమ్మ, ఒక ఏడాది పెట్టి చూడనీమే వాళ్లను కూడా అంది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కామమ్మకు కూడా ఆ మాట తియ్యగానే తగిలింది, అబద్ధమెందుకు. చేతిలో కర్రున్నప్పుడు ఎవరికైనా ఎత్తాలనే ఉంటుంది. అప్పుడు ఆదెయ్య కనిపించాడు. అందరికంటే వెనక, చంకలో చిన్నపిల్లతో కూర్చుని ఉన్నాడు. వచ్చే ఏడాదికైనా సొంత తెప్ప కట్టుకోవాలని దుంగ తర్వాత దుంగ కూడబెట్టుకుంటున్న మనిషి.

"వద్దు మామా" అంది. "ఆదెయ్య మొగోడుగా పుట్టినాడని వాడి పిల్లోళ్ల గంజిలోంచి తీస్తే, నేను ఆడదాన్నని నా దగ్గర తీసినదానికీ దానికీ తేడా ఏముండాది? ఎవురి తెప్పయినా తెప్పే. తెప్పకొక గంప."

అయితే ఇంకొకటి ఉందన్నాడు కామాక్షయ్య. ఆడవాళ్ల రెండో గంపలు పోతే ఊరి సొమ్ము తగ్గుతుంది. రేపు ఎవరి ఇంట్లోనైనా మనిషి పోతే ఏడాది గింజలకు చాలదు. కాబట్టి అందరి గంపా కొంచెం పెద్దది చెయ్యాలి. దానికి ప్రతి తెప్ప మాటా కావాలి. తగువు తెచ్చిన తెప్ప నుంచే మొదలుపెట్టడం ఆనవాయితీ.

ఆయన చిన్నపోలయ్య వైపు తిరిగాడు.

"నీ తెప్ప మాట చెప్పు అబ్బయ్యా."

నీ తెప్ప అని ఆయన కావాలని అనలేదు. తండేళ్లందర్నీ అలాగే అంటాడు. కానీ ఆ మాట పందిట్లో ఎలా పడిందో అందరికీ తెలుసు. చిన్నపోలయ్య సరేనంటే చాలు. నిండు సభలో కాపు నీ తెప్ప అన్నాడు, వాడు ఔనన్నాడు. రేపు ఎవరూ కాదనలేరు. తగువు తీరాక మళ్లీ తగువు పెట్టుకునే ఓపిక కామమ్మకు కూడా ఉండదు. రంగనాయకులు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు. కొడుకు మొహం చూడలేక ముసలమ్మ గుంజ వైపు తిరిగింది.

కామమ్మకు పొద్దున తాను అన్న మాట గుర్తొచ్చింది. అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

చిన్నపోలయ్య లేచి నిలబడ్డాడు.

"తెప్ప మా వదినది" అన్నాడు. "మాట ఆమెనే అడగండి."

అతను కూర్చున్నాడు. రంగనాయకులు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. చీకటి పడకముందే ఊరు చేరాలని కామాక్షయ్యకు మర్యాదగా చెప్పాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఎవరి వంకా కోపంగా చూడలేదు. పందిరి దాటి ఒడ్డు వెంబడి తూపిలిపాళెం వైపు నడిచిపోయాడు.

"చెప్పు కామమ్మా" అన్నాడు కామాక్షయ్య.

ఆ పందిట్లో ఒక తెప్ప మాట ఆడదాన్ని అడగడం అదే మొదలు. ఆమె కోరుకున్నది అదే. తెప్ప ఆమెది, మాట ఆమెది, ఊరంతా చెవి ఒగ్గి కూర్చుంది. గుంజల సందున దూరమవుతున్న రంగనాయకులు వీపు కనిపిస్తోంది.

ఆమె మరిది వైపు వంగి, ఇంకెవరికీ వినపడకుండా అంది.

"పోయి ఆయన్ని ఆపు అబ్బయ్యా."

చిన్నపోలయ్య కదల్లేదు. కళ్లు తుడుచుకున్నాడో, చెమటే తుడుచుకున్నాడో.

"ఊరంతా నీ కోసం చూస్తా ఉండాది వదినా" అన్నాడు. "ముందు నువ్వు చెప్పు."